ఊడ్చి పంపే లాడ్జి

వరంగల్ స్టేషన్ రోడ్డులో పద్మనాభ లాడ్జి అని ఒకటి ఉండేది. ఎనభై రెండు సమ్మక్క జాతర దాటేసరికి ఆ పేరు బోర్డు మీదే మిగిలింది. రిక్షావాళ్లు, చాయ్ బండ్లవాళ్లు, బెల్లంపల్లి వైపు నుంచీ డోర్నకల్ వైపు నుంచీ వచ్చి రైలు దిగే జనం దాన్ని 'ఊడ్చి పంపే లాడ్జి' అనడం మొదలుపెట్టారు. ఆ పేరు తెచ్చిన చీపురు పట్టుకున్నవాడు వేరెవరో కాదు, లాడ్జి మేనేజరు సారంగపాణి.

ఈ ఊళ్లో మనిషికి విలువ రావాలంటే మిల్లయినా ఉండాలి, కలిగిన మామయినా ఉండాలి. సారంగపాణికి రెండూ లేవు. నోరుంది. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టాడు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా కూర్చోవడం అతని వల్ల కాలేదు. తండ్రి నేత మీద నుంచి కళ్లెత్తకుండానే తిట్టేవాడు. ఆ తిట్లు పడలేక మీసాలు సరిగ్గా రాకముందే డోర్నకల్ వెళ్లిపోయి స్టేషన్ క్యాంటీన్‌లో చేరాడు. రైలు ఆగిన కాసేపట్లో బోగీ నిండా ఆకలిగా ఉన్నవాళ్లకు ఎలా తినిపించాలో, తిన్నవాడు తిట్టకుండా ఎలా రైలెక్కించాలో అక్కడే నేర్చుకున్నాడు. కాంట్రాక్టరుతో తగాదా పడి వరంగల్ తిరిగొచ్చాడు. పద్మనాభ లాడ్జిలో గదులకు నీళ్లు మోసే పనిలో చేరాడు. పైవాళ్లు ఒక్కొక్కరే మానేసిపోతుంటే చివరికి మేనేజరయ్యాడు. తెల్లచొక్కా ఇస్త్రీ మడత నలగనిచ్చేవాడు కాదు. ఎవరినైనా ఒకేలా కసిరేవాడు. యజమాని సాంబమూర్తి సేటును కూడా కాస్త వంకరగానే పలకరించేవాడు. సేటు దాన్ని సహించాడంటే కారణం మంచితనం కాదు. ఆ జీతానికి అంత చాకిరీ చేసేవాడు ఇంకొకడు దొరకడని సేటుకు బాగా తెలుసు.

సమ్మక్క జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అప్పుడు వరంగల్‌కు వరంగల్ చాలదు. జనం కోళ్లూ బెల్లం బుట్టలూ చంటిపిల్లలతో రైలు దిగి, రాత్రికి ఎక్కడో ఒకచోట తల వాల్చి, తెల్లవారగానే హనుమకొండ పోయి మేడారం స్పెషల్ బస్సులు పట్టుకుంటారు. లాడ్జికి రెండేళ్ల తిండి ఆ కొద్దిరోజుల్లోనే రావాలి. ఒక కుటుంబం గది వదిలే సమయానికే ఇంకో కుటుంబం మూటలతో గేటు దగ్గర నిలబడి ఉంటుంది. మధ్యలో గది శుభ్రం కావాలి. కోడి ఈకలు, పొట్టు, బెల్లం పొడికి పట్టిన చీమలు. అలాంటి గదిలోకి మనిషిని ఎలా పంపుతారు?

గదులు ఊడ్చేది సోమక్క. లాడ్జిలో అందరికంటే ముందు వచ్చి అందరికంటే చివర పోయే మనిషి. ఆమె పని మీద ఎవరూ వంక పెట్టలేరు కానీ ఆమెకో పట్టు ఉంది. ప్రయాణం కట్టినవాళ్లు గడప దాటగానే వాళ్ల వెనక చీపురు పట్టదు. వాళ్ల బస్సు కదిలేదాకా ఆగాల్సిందే. పీనుగను లేపాక మాత్రమే వెంటనే ఇల్లు ఊడుస్తారు. బతికున్న మనిషి వెనక అలా ఊడిస్తే వాళ్లు మళ్లీ ఆ గడప తొక్కరని ఆమె నమ్మకం. ఇది ఆమె ఒక్కతెదే కాదు. ఆ పక్క ఏ ఇంట్లో అడిగినా అదే చెబుతారు. ఇంట్లో అయితే ఇబ్బంది లేదు. లాడ్జిలో గేటు దగ్గర జనం తోసుకుంటుంటే సోమక్క చీపురు గోడకు ఆనించి కూర్చునేది.

ఎనభై రెండులో సాంబమూర్తి సేటు కౌంటర్ దగ్గర నుంచి కేకలేశాడు. సోమక్క కదల్లేదు. సారంగపాణికి తిక్కరేగింది. రైలు పట్టాల మీద పెరిగినవాడు, ఇలాంటివి అతనికి పట్టవు. సోమక్క పక్కనున్న చీపురు లాక్కుని తనే గదిలోకి దూరాడు. అప్పుడే మెట్లు దిగిన ఒక ముసలావిడ, మనవడి టోపీ మరిచిపోయిందని వెనక్కి వచ్చింది. తాము వదిలి నిమిషం కాని గదిలో చీపురు ఆడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయింది.

"మేమింక గేటు కూడ దాటలే బిడ్డా. పీనుగలు పోయినంక ఊడ్సినట్టు ఊడుత్తానవా?"

ఆమె శాపం పెట్టలేదు, గొడవ చేయలేదు. అదే చేసుంటే బాగుండేది. మనవడి పుట్టువెంట్రుకల మొక్కుకు పోతూ అపశకునమైందని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. తర్వాత హనుమకొండలో బస్సు కోసం నిలబడ్డ వరుసలో ముందున్నవాళ్లకూ వెనకున్నవాళ్లకూ చెప్పింది. మర్నాటికి ఆ కబురు రైళ్లకంటే ముందు స్టేషన్‌కు చేరింది. ఊరంతా అరుగుల మీదా ఫుట్‌పాత్‌ల మీదా పడుకుంటుంటే పద్మనాభ లాడ్జి గదులు తలుపులు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి.

సారంగపాణి ఆ రెండేళ్లు మామూలుగానే కసురుతూ తిరిగాడు. స్టేషన్‌కు పోయి గిరాకీని పిలవడం మాత్రం మానేశాడు. అతన్ని చూడగానే రిక్షావాళ్లు చీపురు ఆడించినట్టు చెయ్యి ఆడించేవాళ్లు.

ఎనభై మూడు చివర్లో సేటు అల్లుడు బాలకిషన్ రంగంలోకి దిగాడు. అప్పుడు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి లారీలు బారులు తీరుతున్నాయి. బస్తాలు పెట్టుకోవడానికి చోటు ఎవరు చూపిస్తే వాళ్లకు దండం పెట్టే పరిస్థితి. యాకయ్య సేటనే మిర్చి వ్యాపారి పద్మనాభ లాడ్జిని గోదాంకు అడిగాడు. బస్తాలు తిట్టవు, దుప్పట్లు అడగవు, అలిగి వెళ్లిపోయి పేరు చెడగొట్టవు అన్నాడు బాలకిషన్. సాంబమూర్తి సేటు అటూ ఇటూ ఆలోచించి, సిబ్బందిని పిలిచి, వచ్చే జాతరకు గదులు నిండితే సరే, నిండకపోతే ఉగాదికి తాళాలు యాకయ్య సేటు చేతికి వెళ్తాయని చెప్పాడు. జాతరకు రెండు నెలలు కూడా లేవు.

వంటమనిషి మొగిలి ఆ మాట విని పొయ్యి దగ్గరే కూలబడ్డాడు. సోమక్క చీపురు తీసుకుని పనిలో పడింది. ఆమె పని పోతే అడిగే దిక్కు లేదు. సారంగపాణికి నలభై దాటాయి. కొత్తవాడలో మగ్గాలే ఒకటొకటిగా మూలపడుతున్నాయి. ఉన్న మగ్గం కూడా అతన్ని గుంటలో కూర్చోనివ్వదు. మిర్చి గోదాంకు మేనేజరు అక్కర్లేదు, కాపలాకు కుక్క చాలు.

అతని మొదటి ఆలోచన మోసం. చీపురు కనబడకుండా తడిగుడ్డతో తుడిపిస్తే సరి అనుకున్నాడు. సోమక్క పకపకా నవ్వింది. గుడ్డతో తుడిచినా వాళ్లను తుడిచేసినట్టే కదా, సమ్మక్క తల్లికి చీపురు ఒక్కటే కనబడుతుందా అని అడిగింది. అతను తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం చొక్కా గుండీలు కొనుక్కోవడానికి స్టేషన్ దాకా పోయినప్పుడు కొత్తగూడెం పాసింజర్ ప్లాట్‌ఫాం మీద ఆగి ఉంది. జనం దిగి పొట్లాలు విప్పుకుని తింటున్నారు. బోగీలో ఒక మనిషి పొరక పట్టి పల్లీ పొట్టంతా బయటికి తోస్తున్నాడు. తింటున్నవాళ్లలో ఒక్కరూ తల తిప్పి చూడలేదు. ఎందుకు చూడాలి? వాళ్ల సీట్లలో తువ్వాళ్లున్నాయి, వాళ్లు ఇంకా బయల్దేరలేదు. డోర్నకల్‌లో కొన్ని వేలసార్లు చూసిన ఆ దృశ్యాన్ని సారంగపాణి అప్పుడే మొదటిసారి చూసినట్టు నిలబడిపోయాడు. గుండీల మాట మరిచి లాడ్జికి పరుగెత్తాడు.

సోమక్క బావి దగ్గర దుప్పట్లు పిండుతోంది.

"సోమక్కా, మనిషి ఇంట్ల కూసోని తింటాంటె పక్క అర్రల ఊడుత్తె దోషమా?"

"తినేకాడ ఊడువద్దు. పక్క అర్రల ఊడుత్తె దోషమేంది? మనిషి ఇంట్లనే ఉన్నడు గద."

"మూటలు సర్దుకున్నంక గూడనా?"

ఆమె దుప్పటి వదిలి అతని వైపు చూసింది. "తిని చెయ్యి కడిగి గడప దాటేదాక ఇంటోడే అన్నా. నీ మొఖం జూత్తె ఏందో పట్టుకొచ్చినట్టున్నవ్."

పట్టుకొచ్చాడు. ఇంతకుముందు లాడ్జిలో చాయ్ గదికే పంపేవాళ్లు, తాగి జనం సరాసరి గేటు దాటేవాళ్లు. ఇక నుంచి వరస మారుతుంది. ముందు గది ఖాళీ చేసి మూటలతో వెనక వసారాలోకి రావాలి. అక్కడ వేడి ఉప్మా, చాయ్. మూటలు పక్కనే, కోళ్లు కాళ్లు కట్టి గోడ వెంట. వాళ్లు తింటున్నంతసేపట్లో ముందు వైపు గదులు ఊడ్చి, కడిగి, దుప్పట్లు మార్చేయాలి. వాళ్లు తిని లేచేసరికి చీపురు గోడకు చేరాలి. గడప దాటి వెళ్తున్నప్పుడు లాడ్జిలో ఎవరి చేతిలోనూ చీపురు ఉండకూడదు.

ఉచితంగా ఉప్మా ఏంటని బాలకిషన్ గొడవపెట్టాడు. సాంబమూర్తి సేటు ఎటూ తేల్చలేక కళ్లజోడు తుడుచుకున్నాడు. సారంగపాణి తన జీతంలో కోసుకోమని చెప్పి లేచిపోయాడు. ఆ మాట అతను వట్టిగా అనలేదు, అల్లుడికీ అది అర్థమైంది.

మిగిలినవన్నీ పెళ్లి పనుల్లా మొదలయ్యాయి. సున్నం వేశారు. కుండలు తెప్పించారు. వసారాలో పరచడానికి కొత్తవాడలో తనవాళ్ల ఇళ్లన్నీ తిరిగి జంపఖానాలు అద్దెకు తెచ్చాడు. తండ్రి తిట్టిన ఇంటికి కూడా పోయాడు. ముసలాయన అన్నిటికన్నా మంచిది, ఎర్రంచు జంపఖానా తీసి చేతిలో పెట్టాడు. దాన్ని సారంగపాణి ఎవరి కాళ్ల కిందా పరచనివ్వలేదు, కౌంటర్ గోడకు వేలాడదీశాడు.

అన్నింటికంటే పెద్ద గొడవ రిహార్సల్. పొద్దున పని కాగానే సిబ్బందినంతా ప్రయాణికులను చేసి గదుల్లో కూర్చోబెట్టేవాడు. మొగిలికి ముసలవ్వ వేషం. మొగిలి తలమీద కొంగులా తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, ఊరికే మూలుగుతూ మూట మోసుకొచ్చేవాడు.

"అయ్యో బిడ్డా, నాకు మోకాళ్ల నొప్పి, నేను వసారలకు రాను, గిక్కడ్నే ఉప్మా పెట్టు."

"ఏందిరా మొగిలీ?"

"మొగిలేంది? అవ్వనంటాన."

"రమ్మని మర్యాదగ పిలువాలె, గుంజుకపోవద్దు" అని సారంగపాణి మిగతావాళ్లకు చెప్పి, తనే వంగి మొగిలి చేతిలో మూట అందుకున్నాడు. అతను ఎవరికైనా అలా వంగడం లాడ్జిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. నవ్వబోయిన మొగిలి కూడా మూట వదిలేసి బుద్ధిగా వెనక నడిచాడు. తింటున్నవాళ్లు లేవకముందే ఊడ్పు అయిపోవాలి. మొదట్లో అయ్యేది కాదు. వసారాలో ఉప్మా చల్లారేది, గదిలో సోమక్కకు ఆయాసం వచ్చేది. చివరికి ఊడ్చేవాళ్లు ఒక వరస, దుప్పట్లు మార్చేవాళ్లు వెనక ఒక వరస అని విడదీశాక కుదిరింది.

ఒకరోజు రిహార్సల్ అయ్యాక సారంగపాణి ఇంకో మాట చెప్పాడు. జనం గేటు దాటేటప్పుడు నీళ్లు నిండిన ఇత్తడి బిందెతో ముత్తైదువ ఎదురు రావాలి. మంచి శకునం. అది సోమక్కే కావాలి. ఆమె మొగుడు రిక్షా తొక్కుతాడు, ఆమె నిక్షేపంలాంటి ముత్తైదువ.

 సోమక్క చేతి నీళ్లు ఆ లాడ్జిలో ఎవరూ తాగరు. ఆమె గ్లాసు వేరే, ఆమె తినే చోటు వేరే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అనకుండా ఉండటమే ఇక్కడ మర్యాద.

"నా ఎదురు మంచిదంటరా అన్నా?" అంది సోమక్క నెమ్మదిగా. "నన్ను జూసి మల్లిపోతరు."

"మల్లిపోతే నేను గోదాంల కాపలా ఉంట. నువ్వు రా."

మొగిలి అంతలో లేచి తన గ్లాసు కడిగి, కుండ నుంచి నీళ్లు ముంచి, ముందు సోమక్కకు ఇచ్చాడు.  ఆమె తాగి గ్లాసు తిరిగి ఇస్తే, కడగకుండానే తనూ నింపుకుని తాగాడు. మిగతావాళ్లు నేల చూపులు చూశారు.

ఎనభై నాలుగు మాఘంలో జాతర వచ్చింది. మొదటిరోజు సాయంత్రం గదులు సగానికి పైగా నిండాయి. నిండటానికి కారణం లాడ్జి మీద ప్రేమ కాదు, ఊళ్లో ఇంకెక్కడా చోటు లేకపోవడం. బాలకిషన్ కుర్చీ వేసుకుని కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. తెల్లవారకముందే అసలు పరీక్ష మొదలైంది. ఒక గదిలో బెల్లంపల్లి నుంచి వచ్చిన రాములవ్వ అనే పెద్దామె, కొడుకు, కోడలు, చంకలో పిల్లతో దిగి ఉంది. మూటలతో వసారాలోకి రమ్మంటే ఆమె రానంది.

"మేం మూటలు బయట పెట్టంగనే చీపుర్లు తీత్తరట. రెండేండ్ల కింద మా ఊరోళ్లకు అయిందంట. నేనిక్కడ్నే కూసుంట."

పక్క గదుల వాళ్లు తలుపుల్లోంచి తొంగి చూశారు. ఆమె ఒక్కతె లేవకపోతే ఇంకెవరూ లేవరు. సారంగపాణి తెల్లచొక్కా చెమటకు తడిసింది. అతను వంగి ఆమె ముందు కింద కూర్చున్నాడు.

"అవ్వా, అప్పుడు చీపురు పట్టినోణ్ని నేనే. అది తప్పు. గిప్పుడు మీరు తిని చెయ్యి కడిగి గడప దాటేదాక ఈ ఇంట్లనే ఉన్నట్టు. ఇంట్ల ఉండంగ ఊడ్సుడు దోషమంటవా?"

రాములవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వు చెప్తె నేను నమ్మ. ఊడిచెటామెను పిలువు."

సోమక్క కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చింది. ఆమె చేతులింకా తడిగానే ఉన్నాయి.

"నీ బిడ్డ పైలంగ పోవాలంటె నువ్వు గిట్లనే ఊడుత్తవా?" అని రాములవ్వ అడిగింది.

"మా బిడ్డ ఏటూరునాగారం అత్తగారింటికి పోయినప్పుడు గిట్లనే ఊడ్సిన పెద్దమ్మా. అది తింటాంటెనే ఊడ్సిన. గడప దాటినంక ముట్టలే."

రాములవ్వ మూట తనే ఎత్తుకుని లేచింది. ఆమె వెనక పక్క గదులూ కదిలాయి. వసారాలో జంపఖానాల మీద జనం బారులు తీరి కూర్చున్నారు. కోళ్లు గోడ వెంట కొక్కొరోకోమంటున్నాయి. మొగిలి ఉప్మా గిన్నెలతో పరుగెడుతున్నాడు. ముందు వైపు గదుల్లో సోమక్క, ఆమె వెనక దుప్పట్లవాళ్లు. సారంగపాణి మధ్యలో నిలబడి, తినేవాళ్ల చేతులూ గదుల తలుపులూ మార్చి మార్చి చూస్తున్నాడు. చివరి గది తలుపు మూసుకుంది. చీపుర్లు గోడకు చేరాయి. అప్పుడే రాములవ్వ చెయ్యి కడిగింది.

ఆమె గేటు దాటుతుండగా సోమక్క ఎదురొచ్చింది. జరీ అంచు చీర, నుదుట పెద్ద బొట్టు, నడుం మీద నీళ్లు నిండిన ఇత్తడి బిందె. రాములవ్వ ఆగింది. ఇందాక చేతులు తడితో వచ్చిన ఊడ్చేమనిషిని గుర్తుపట్టింది. వెనకున్నవాళ్లు ఆమె భుజం మీదుగా చూశారు. కౌంటర్ దగ్గర బాలకిషన్ లేచి నిలబడ్డాడు.

రాములవ్వ బిందెలో వేళ్లు ముంచింది. ఆ నీళ్లు ముందు తన కళ్లకద్దుకుని, తర్వాత కోడలి చంకలో పిల్ల నెత్తి మీద చల్లింది.

"సల్లగుండు బిడ్డా" అని సోమక్క చెంప తడిమి ముందుకు నడిచింది.

ఆ వెనక ఎవరూ ఆగలేదు. ఒక్కొక్కరే బిందెలో చెయ్యి ముంచి, కళ్లకద్దుకుని పోయారు. అదే మనిషి చేతిలో చీపురు కనబడితే ముఖం తిప్పుకునే జనం వీళ్లే, వీళ్లలో చాలామంది రేపు తమ ఊళ్లో మళ్లీ అదే చేస్తారు. కానీ ఆ పొద్దున ఆ గేటు దగ్గర వాళ్లు అలా చేయలేదు. బిందె అడుగంటుతుంటే సోమక్క బావికి పోయి మళ్లీ నింపుకొచ్చింది.

సాయంత్రానికి రిక్షావాళ్లు తమంతట తామే జనాన్ని తీసుకురావడం మొదలుపెట్టారు. "పోయేటప్పుడు బిందె ఎదురొచ్చే లాడ్జి" అంటున్నారట. మర్నాడు గదులే కాదు, వసారా, మెట్లు, కౌంటర్ ముందు చోటు కూడా నిండిపోయాయి. మేడారం నుంచి తిరిగొచ్చేవాళ్లు కూడా అక్కడికే వచ్చారు. వచ్చినవాళ్లు తల్లికిచ్చిన బెల్లాన్నే 'బంగారం' అంటూ ముక్కలుగా పంచిపెట్టారు. సోమక్కకు కూడా పెట్టారు. మొగిలి రాత్రీ పగలూ తెలియకుండా వండాడు. కసిరే సారంగపాణి కసరడానికి టైం దొరక్క మర్యాదగా మాట్లాడాడు.

జాతర నాలుగో రోజు బాలకిషన్ యాకయ్య సేటు మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. గోదాంకు గదులు ఎంత పొడుగో, ఎంత వెడల్పో కొలవాలట. చేతిలో టేపుతో ఆ మనిషి ఒక్కో తలుపు తట్టాడు. ప్రతి గదిలోనూ జనం కాళ్లు పెట్టే సందు లేకుండా ఉన్నారు. ఒక తల్లి పిల్లకు పాలిస్తూ తలుపు అతని ముఖం మీదే మూసేసింది. టేపు ఎక్కడా విప్పలేకపోయాడు.

అంతలో సాంబమూర్తి సేటు వచ్చి కౌంటర్‌లో కూర్చున్నాడు. వసారాలోంచీ మెట్ల మీంచీ వస్తున్న సందడి కాసేపు విన్నాడు.

"బాలకిషన్, మిర్చి బస్తాలు యాకయ్య సేటును ఏడనన్న పెట్టుకోమను" అన్నాడు.  బాలకిషన్ టేపు మనిషిని పంపించేసి, చొక్కా చేతులు మడుచుకుని, ఉప్మా గిన్నెలు అందించడానికి వెళ్లాడు. అక్కడ ఇంకెవరూ ఖాళీగా లేరు.

సారంగపాణి సేటు ముందుకు వచ్చి నిలబడ్డాడు. చొక్కా నలిగి, ఒక గుండీ తెగి ఉంది.

"సేటూ, పైన ఇంకో అంతస్తు ఎయ్యాలె."

"ఏందీ?"

"జనం మెట్ల మీద పండుకుంటాండ్లు. వచ్చే జాతరకు గిది సాలదు. మీద గదులు, ఎనుక ఇంకో వసార."

సాంబమూర్తి సేటు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "నీకు ఆశ ఎక్కువైంది సారంగపాణీ."

"అయింది సేటూ" అన్నాడు సారంగపాణి. ఆ గొంతులో కాస్త కూడా తగ్గలేదు.

సేటు అతని వైపు చూసి, చూసి, నవ్వేశాడు. ఎండలు ముదరకముందే స్టేషన్ రోడ్డులో ఇటుకల బండ్లు ఆగాయి. మేస్త్రీ ఎక్కడ గోడ లేపాలో ముగ్గు పోస్తుంటే సారంగపాణి పక్కనే నిలబడి, వంకరపోయిందని అతన్ని కసురుతున్నాడు.